గడ్డి పుప్పొడి, చర్మపరీక్ష, టీకా : కొంత చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినప్పుడు, నేను ఏ కోటను గూర్చియో, ఏ శాసనమును గూర్చియో వ్రాయుదునని వారు తలచి యుందురు. పానగల్లు గుడులను గూర్చియు, గద్వాల కోటను గూర్చియు నాకంటె బాగుగా వ్రాయగలవారు మన చందాదారులలోనే కలరు. నేను వ్రాయదలచినది గాలిని గూర్చి. అందులోను గాలిలో ఎగురు గడ్డిపూల పొడిని గూర్చి.

ఏటేట దసరాకు ముందు మన గ్రంథాలయపు బీరువాలు దులుపు దినమున ఇద్దరు ముగ్గురు చందాదారులు గుమ్మము దాటి లోనికి రారు. వచ్చిరా, తుమ్ములు పట్టుకొని విడువవు, కన్నులు ఎఱ్ఱబడును. వారిలో ఒకరు సజ్జచేలు పూతకు వచ్చు దినములలో ఊరు విడిచి పట్టణమున కుమారుని యింట నుందురు. పుస్తకముల దుమ్మునకును సజ్జచేనికిని ఏమి సంబంధమని మన పాఠకులలో ఒక యువకుడు నన్ను అడిగెను. అప్పటికి నేను చెప్పిన సమాధానము అరకొరగా నుండెను. శాస్త్రవిషయములను తెలుగున చెప్పవలెనను ఆశయముతో 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన పెద్దలు పుట్టిన దేశమున ఈపాటి ప్రశ్నకు సరియైన సమాధానము లేకుండుట మంచిది కాదని తోచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

మా యింట ఈ విషయము పుస్తకములలోనిది కాదు. సజ్జ కోసి కళ్ళమునకు చేర్చు దినములలో మా తల్లి రాత్రులు పండుకొనలేక, మంచపుకోడుకు ఆనుకొని తెల్లవారువరకు కూర్చుండెడిది. మన వైపు దానిని దమ్ము అందురు, పుస్తకములలో ఉబ్బసము, ఆయుర్వేదమున తమకశ్వాస. ఇరుగుపొరుగువారు దిష్టి యనిరి. ఒక వైద్యుడు క్షయ యని ఎంచి నెలల తరబడి సూదులు వేసెను. మరియొకడు పేరు లేని బిళ్ళలు పొట్లము కట్టి యిచ్చెను. వానితో దమ్ము ఇట్టె అణగెను గాని, ఏడాది తిరుగునప్పటికి మొగము ఉబ్బి, ఎముకలు గుల్లబారి, ఆమె కడవ యెత్తలేని స్థితికి వచ్చెను. అవి స్టెరాయిడు బిళ్ళలని మాకు చాల ఆలస్యముగా తెలిసెను. 1980 తరువాత నగరమున ఒక ఆసుపత్రిలో ఆమె ముంజేతిమీద వరుసగా చుక్కలుంచి, సూదిమొనతో గుచ్చి పరీక్ష చేసిరి. ఏ చుక్క ఏ పదార్థమో పట్టిక చదివి వినిపించిరి. ఆమెకు అక్షరములు రావు. అంతయు విని, "దాంట్ల మన సజ్జ లేదేంది బిడ్డా?" అని నన్ను అడిగెను. ఆ ప్రశ్న ఎంత లోతైనదో నాకు చాల ఏండ్లకు గాని బోధపడలేదు.

ఇక చరిత్రకు వత్తము. గడ్డిపూల కాలమున వచ్చు పడిశమును వ్యాధిగా గుర్తించి వ్రాసినవాడు జాన్ బోస్టాక్ అను ఆంగ్ల వైద్యుడు. 1819లో లండనులోని వైద్యసభ యెదుట ఆయన ఒక రోగి కథ చదివెను. ఆ రోగి తానే. బాల్యమునుండి ప్రతి వేసవిని కన్నులు మండుట, తుమ్ములు, ఎదబరువు. తనవంటివారి కొరకు తొమ్మిదేండ్లు వెదకి, 1828 నాటికి 28 మందిని మాత్రమే కనుగొనగలిగెను. క్రొత్తగా కోసిన గడ్డివాసన వలన ఇది వచ్చునని జనులు తలచి 'హే ఫీవర్', అనగా ఎండుగడ్డి జ్వరము, అని పేరు పెట్టిరి. ఇందులో జ్వరమును లేదు, ఎండుగడ్డి దోషమును లేదు. బోస్టాక్ గడ్డిని నమ్మక, ఎండవేడిమియే కారణమనెను, అదియు తప్పే.

నిజము పట్టినవాడు మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. ఈయనయు ఆ వ్యాధిగ్రస్తుడే. ఇంటిలో పిల్లలు పూలకుండిలో నుంచిన గడ్డికంకులను కదలించినప్పుడు పొడి లేచి, తనకు వెంటనే తుమ్ములు వచ్చెనట. పొరుగువాడైనచో కిటికీ తెరచి ఊరకుండును. ఈయన ఊరకుండలేదు. ఒక్కొక్క జాతి గడ్డి పుప్పొడిని తెచ్చి ముక్కులో పీల్చెను, కంటిలో వేసికొనెను, 1860 తరువాతి దశకమున తన ముంజేతి చర్మమును కొద్దిగా గీచి, తడిపిన పుప్పొడిని దానిమీద నుంచి కట్టు కట్టెను. కొద్ది నిమిషములలో అచ్చట దురద పుట్టి, చుట్టును దద్దురు లేచెను. పుప్పొడి లేకుండ గీచిన చోట ఏమియు కాలేదు. నేటికిని ప్రపంచమున జరుగుచున్న చర్మపరీక్షకు మొదలు ఈ గీతయే. గీచి వదలిన రెండవ గాటు ముఖ్యమని పాఠకులు గమనింతురు గాక. అది లేనిచో ఆ దద్దురు గాటు వలననే లేచెనని ఎవరైనను అనవచ్చును.

అంతటితో ఆగక, జిగురు పూసిన గాజుపలకలను బయట నుంచి, వానికి అంటిన పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శినిలో దినదినమును లెక్కించి, ఆ లెక్కను తన తుమ్ముల తీవ్రతతో పోల్చి చూచెను. గాలిపటములకు పలకలు కట్టి వేయి అడుగులకు పైగా ఎగురవేసి, అచ్చటను పుప్పొడి కలదని, అంత యెత్తున నేలపైకంటె మిక్కుటముగా నుండుననియు తెలిసికొనెను. వయసు మళ్ళిన వైద్యుడు పొలమున పతంగి ఎగురవేయుట చూచి ఊరివారు ఏమనుకొనిరో గాని, ఆయన 1873లో ప్రకటించిన గ్రంథము ఈ శాస్త్రమునకు పునాది యయ్యెను.

ఆ గ్రంథములో మన పల్లెలవారు ఆగి చదువదగిన మాట ఒకటి కలదు. గడ్డి పుప్పొడి అందరికంటె ఎక్కువగా పీల్చువాడు సేద్యగాడు; కాని బ్లాక్లీ చూచిన రోగులలో సేద్యగాండ్రు అరుదు; మతాచార్యులు, వైద్యులు, చదువరులు మెండు. ఇది యేమని ఆయన ఆలోచించి రెండు ఊహలు చేసెను. చదువు వలన నరములు మెత్తబడి వ్యాధికి లోబడునేమో; లేక నిత్యము పుప్పొడిలో మెలగుటచే సేద్యగానికి అది అలవాటై, బాధింపకుండునేమో. మొదటి ఊహను కాలము త్రోసివేసెను. రెండవ ఊహలో తరువాతి టీకా మొలక యున్నది. బవేరియా, స్విట్జర్లాండు పల్లెలలో పశువుల కొట్టముల చెంత పెరిగిన పిల్లలకు ఈ వ్యాధులు తక్కువయని ఇటీవలి పరిశోధనలును చెప్పినవి. అయినను సేద్యగానికి రాదు అని మాత్రము అనుకొనరాదు. మన కూలివాడు తుమ్ములకు దవాఖానకు పోడు. పోనివాడు లెక్కకు రాడు. బ్లాక్లీ కాలమున మాంచెస్టరు కూలివాడును పోయి యుండడని నా అనుమానము.

అదే 1873వ సంవత్సరమున మన దేశమునను ఒక వైద్యుడు గాలికి జిగురుపలక పట్టెను. కలకత్తా జైళ్ళలో డి.డి. కనింగ్‌హామ్ గాలిలోని రేణువులను పట్టి, పుప్పొడిని, బూజు బీజములను చిత్రములు గీచి, 'గాలి యొక్క సూక్ష్మదర్శినీ పరీక్షలు' అను అర్థము గల పుస్తకమును ప్రకటించెను. ఆయన వెదకినది కలరాకును జ్వరములకును కారణము. గాలి చెడుటచేతనే జ్వరములు వచ్చునని ఆ నాటి నమ్మకము. మలేరియా అను మాటకే చెడుగాలి యని అర్థము. ఆ జ్వరము గుట్టు గాలిలో గాక దోమకడుపున నున్నదని 1897లో సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ కనుగొనెను. గాలిలో జ్వరము దొరకలేదు గాని, కనింగ్‌హామ్ పలకమీద దమ్మునకు కారణము కనబడుచునే యుండెను, ఎవరును గుర్తింపలేదు.

పుప్పొడి ఒకరిని ఏమియు చేయక వేరొకరిని ఏల చంపినంత పని చేయును? ఫ్రాన్సులో చార్లెస్ రిషే, పోల్ పోర్టియే అను ఇరువురు 1902లో సముద్రజీవి విషమును కుక్కలకు స్వల్పముగా ఎక్కించి, అలవాటు చేయబోయిరి. కొన్ని వారములకు మరల స్వల్పముగా నీయగా, బలపడవలసిన కుక్క నిమిషములలో కూలెను. శరీరము తన రక్షణకై నేర్చిన విద్యయే ఒక్కొక్కప్పుడు తనను హతమార్చునని తేలెను. రిషేకు 1913లో నోబెల్ బహుమానము వచ్చెను. వియన్నాలో పిల్లల వైద్యుడైన క్లెమెన్స్ వాన్ పిర్కే 1906లో ఇట్టి మారిన స్పందనకు 'అలర్జీ' అని పేరు పెట్టెను. నేడు మన సంతలో కూరగాయలమ్మునట్టి అవ్వయు పలుకు మాట అది; పుట్టి నూరేండ్లకు పైబడినది.

టీకా కథ 1911లో మొదలగును. లండనులో సెయింట్ మేరీ ఆసుపత్రియందు, టైఫాయిడ్ టీకాతో ప్రసిద్ధుడైన ఆల్‌మ్రోత్ రైట్ విభాగమున లెనార్డ్ నూన్ అను యువ వైద్యుడు పనిచేయుచుండెను. మశూచికి టీకా ఉన్నట్లు పుప్పొడికి టీకా ఏల ఉండరాదని ఆయన తలంపు. తిమోతి యను గడ్డి పుప్పొడిని నీట నానవేసి, ఆ సారమును రోగి కంట ఒక చుక్క వేసి, ఎంత పలుచని సారమునకు కన్ను ఎఱ్ఱబడునో చూచి, దానినిబట్టి రోగి బలమును కొలిచెను. తరువాత చర్మము క్రింద సూదితో అతి స్వల్ప మోతాదులను ఇచ్చి, క్రమముగా హెచ్చించెను. కొందరి సహనము నూరింతలు పెరిగెను. మోతాదు పెద్దదైనను, సూదికిని సూదికిని మధ్య ఎడము చాలకున్నను వ్యాధి హెచ్చునని కూడ ఆయన అప్పుడే హెచ్చరించెను. ఆయన ప్రకటించిన వ్యాసము కొద్ది పుటలది. క్షయరోగమున పడి 1913లో మరణించెను. సహచరుడు జాన్ ఫ్రీమన్ పని సాగించి, రోగుల ఫలితములను ప్రకటించెను.

నూన్ తలంపులో ఒక పొరపాటు కలదు. పుప్పొడిలో విషమున్నదని ఆయన నమ్మెను. జర్మనీలో డన్‌బార్ అను ఆచార్యుడు కూడ అటులే నమ్మి, గుఱ్ఱములకు పుప్పొడి ఎక్కించి విరుగుడు తీయబూనెను, అది నిలువలేదు. పుప్పొడిలో విషము లేదు. లేని శత్రువును చూచి శరీరము కత్తి దూయుచున్నది. మశూచి టీకా శరీరమునకు యుద్ధము నేర్పును. పుప్పొడి టీకా యుద్ధము మాన్పించును. రెంటికిని టీకా యను ఒకే పేరుండుటచే మనవారు రెండును ఒకటే యనుకొందురు. ఒకటి రెండు సూదులతో సరిపోదా యని అడుగుటకు కారణమిదే.

ఈ వైద్యము నిజముగా పనిచేయునా, లేక సూదిపై నమ్మకము పనిచేయునా యని గట్టిగా పరీక్షింపబడుటకు నలుబదేండ్లకు పైగా పట్టెను. అదే సెయింట్ మేరీ ఆసుపత్రిలో విలియం ఫ్రాంక్లండ్, రోజా ఆగస్టిన్ అనువారు 1954లో గడ్డి పుప్పొడి సారమును కొందరికి, పుప్పొడి లేని సూదిని కొందరికి ఇచ్చి, ఎవరికేది యిచ్చినదియు రోగికిని వైద్యునికిని తెలియకుండ పరీక్ష జరిపి, పుప్పొడి సూది మేలని తేల్చిరి. రెండవ ప్రపంచయుద్ధమున జపానువారి చెరలో బ్రతికి బయటపడిన ఆ ఫ్రాంక్లండ్ 108 ఏండ్లు జీవించి 2020లో గతించెను. మూడు నాలుగేండ్లు వరుసగా తీసికొన్నవారికి, సూదులు మానిన పిదపను కొన్ని యేండ్లు గుణము నిలుచునని 1999లో ఇంగ్లండులోనే వేరొక పరీక్ష చూపెను.

శరీరములో జరుగునదేమో నెమ్మదిగా తెలియవచ్చెను. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్ అను వైద్యుడు, చేప పడని తన సహచరుడు క్యుస్ట్నర్ రక్తరసమును తన చర్మములో ఎక్కించుకొని, మరునాడు అచ్చట చేపసారమును పొడుచుకొనెను, దద్దురు లేచెను. వ్యాధిని మోయునది రక్తములోని ఏదో పదార్థమని అట్లు తెలిసెను. ఆ పదార్థమును 1966లో అమెరికాలో ఇషిజాకా దంపతులు పట్టిరి. స్వీడనులో యోహాన్సన్, బెన్నిచ్ అనువారు వేరు దారిని అచ్చటికే చేరిరి. 1968లో దానికి 'ఇమ్యునోగ్లోబులిన్ ఇ' అని పేరు స్థిరపడెను. చర్మములోను, ముక్కుపొరలలోను ఉండు కొన్ని కణములకు ఈ పదార్థము అంటుకొని యుండును. తనకు సరిపోవు పుప్పొడి తగిలినంతనే ఆ కణములు పగిలినట్లై హిస్టమీను అను రసమును విడుచును. తుమ్ము, దురద, దద్దురు దాని పనియే.

ఇప్పటి చర్మపరీక్ష యిట్లు జరుగును. ముంజేతి లోవైపున రెండేసి సెంటీమీటర్ల ఎడముగా వేర్వేరు సారముల చుక్కలుంచెదరు. ప్రతి చుక్క గుండ వేరు సూదిమొనతో పైచర్మమును రక్తము రాకుండ కొద్దిగా గుచ్చెదరు. ఒక చుక్క వట్టి ద్రావకము. ఒక చుక్క హిస్టమీను. బ్లాక్లీ రెండవ గాటుకు వారసురాలు ఈ వట్టి చుక్క. పావుగంట కాగానే దద్దురును కొలిచెదరు. వట్టి చుక్క దద్దురుకంటె 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించినదైన, ఆ పదార్థము పడదన్నమాట. తుమ్ముల బిళ్ళలు వేసికొనువారు వైద్యుడు చెప్పిన ప్రకారము కొన్ని దినములు ముందుగా మానవలెను. లేనిచో దద్దురు లేవదు, పరీక్ష బొంకును. దద్దురు లేచినంతనే వ్యాధికి అదియే కారణమనుటకును వీలులేదు. ఎప్పుడు, ఏ పైరు కాలమున, ఏ గాలికి బాధ హెచ్చునో రోగి చెప్పు మాటతో దద్దురు కలిసిరావలెను. రోగి మాట వినని పరీక్ష సగము పరీక్ష.

ఇక మా తల్లి ప్రశ్నకు వత్తము. నూన్ వాడిన తిమోతి గడ్డి చలిదేశములది; మన మైదానములలో లేదు. శాస్త్రజ్ఞుల లెక్కలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, వెదురు, గరిక అన్నియు గడ్డికుటుంబమే. కాని ఆ కుటుంబములో శాఖలు వేరు. తిమోతి ఒక శాఖ, గరిక వేరొక శాఖ, జొన్న సజ్జలు మరియొక శాఖ, వరి ఇంకొకటి. తిమోతి పుప్పొడిలో ముఖ్యమైన బాధకపదార్థమొకటి గరికలోను, జొన్నలోను లేనే లేదు. కొన్ని పదార్థములు అన్నిటను ఉమ్మడిగా కలవు గాని, పొత్తు పూర్తిగా లేదు. కావున ఆంగ్లదేశపు గడ్డితో పరీక్షింపబడిన పాలమూరు రైతు ఏ దోషమును లేనివాడుగా తేలవచ్చును. ఆ గడ్డితో చేసిన టీకా అతనికి వ్యర్థము కావచ్చును.

ఈ సంగతి మన దేశపు వైద్యులు ముందుగనే గ్రహించిరి. ఢిల్లీలో 1949లో స్థాపితమైన వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీవ్యాధుల సంస్థయందు శివపురి, విశ్వనాథన్ ప్రభృతులు ఆ ప్రాంతమున ఏ మొక్క ఏ నెలలో పూయునో పట్టిక వేసి 1960లో ప్రకటించి, దేశీయ పుప్పొడులతోనే సారములు తీసి రోగులను పరీక్షించిరి. కలకత్తాలోని బోసు సంస్థవారు తాటి, ఈత పుప్పొడులను పరిశోధించిరి. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున సి. సుబ్బారెడ్డి ప్రభృతులు గాలిని నమ్ముకొన్న మొక్కలు ఎంతెంత పుప్పొడి విడుచునో లెక్కించిరి. ఆంధ్రప్రదేశమునకు చెందిన ముక్కు, ఊపిరితిత్తుల అలర్జీ రోగులకు చేసిన చర్మపరీక్షల ఫలితములను పి.జె. ఆచార్య 1980లో ప్రకటించిరి. ఢిల్లీ పట్టిక మనకు సరిపోదు. ప్రతి సీమకు తన పట్టిక కావలెను.

మన రెండు జిల్లాలను (2016 తరువాత, 2019 తరువాత ఇవి ఎన్నో జిల్లాలైనను, గాలికి ఆ సరిహద్దులు తెలియవు) ఒకసారి పుప్పొడి కంటితో చూతము. తొలకరి తరువాత బీళ్ళలో గడ్డి మొలచి, వానలు వెనుకబట్టునప్పటికి కంకి వేయును. సజ్జ ఆ కాలమునందే పూతకు వచ్చును. సజ్జ కంకిలో ముందు ఆడుభాగములు వెలికివచ్చి, తరువాతనే పుప్పొడి తిత్తులు వెలువడును. కావున ఒక కంకి వేరొక కంకి పొడికై గాలిని ఆశ్రయింపవలసి యున్నది. అందుచే పొడి సమృద్ధి. పునాస జొన్న అప్పుడే, యాసంగి జొన్న చలికాలమున పూయును. తెల్లవారుజామున దాని పొడి రాలును. మొక్కజొన్న రేణువు పెద్దది, బరువైనది. చేను దాటి చాల దూరము పోదు. వరి ప్రొద్దెక్కిన తరువాత కొద్దిసేపు మాత్రమే పూత విచ్చును. గరిక నీటితడి యున్నచోట ఏడాది పొడవునను పూయుచుండును. వినాయకుని పూజకు తెచ్చు ఈ గరికకు లోకమున 'బెర్ముడా గడ్డి' అని పేరు. ఆ దీవిలో అది పుట్టినదియు కాదు. నాగార్జునసాగరము నీరు 1967లో వదలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు జొన్నచేలు వరిమళ్ళైనవి. తరువాత చెలకలు పత్తిచేలైనవి. పత్తి పుప్పొడి జిగురైనది, బరువైనది, పురుగులు మోయవలసినదే. ఒక తరములో మన పైరులు మారినవి. వానితో మన గాలియు మారినది. ఆ మార్పును జిగురుపలకతో పట్టి, ఊరూర లెక్క వ్రాసి యుంచియుండిన ఎంత బాగుండెడిది!

ఉఱుము వానకు గాలి శుభ్రపడునని మనము అనుకొందుము. తరచు నిజమే. కాని గడ్డి పుప్పొడి రేణువు తేమకు పగిలి, లోని సన్నని పిండి వెలువడును. అది ఊపిరితిత్తుల లోతునకు పోగలదు. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరమున ఇట్టి ఉఱుముగాలికి వేలమందికి ఒక్కమారుగా దమ్ము వచ్చి, పదిమంది మరణించిరి. వారిలో మునుపెన్నడు దమ్ము లేనివారును ఉండిరి.

గడ్డి కానివి కొన్ని చెప్పక తప్పదు. నిజాము కాలమునుండి మన చెలకలు ఆముదమునకు పేరుపొందినవి. ఆముదపు పుప్పొడి గాలిలో ఎగురునదే. అంతకంటె ఆముదపుగింజ, పిండి దుమ్ము తీక్ష్ణము. 1928లో అమెరికాలో టొలీడో నగరమున ఒక ఆముదపు మిల్లు చుట్టుపట్ల నివసించువారికి గాలి ఆ దిక్కునుండి వీచినప్పుడే దమ్ము వచ్చుచున్నదని ఫిగ్లీ, ఎల్రాడ్ అను వైద్యులు కనిపెట్టిరి. బ్రెజిలులో 1950 తరువాత ఒక ఊరిలో ఇట్లే ప్రబలెను. మన ఊళ్ళలో గానుగలకడ, గింజ ఒలుచుచోట, తెలకపిండి బస్తాల చెంత ఎందరు దగ్గిరో ఎవరు వ్రాసి యుంచిరి?

'కాంగ్రెసు గడ్డి' అని మనవారు పిలుచు వయ్యారిభామ గడ్డియే కాదు. చామంతి కుటుంబపు కలుపు. 1955 ప్రాంతమున పూనా వద్ద మొదట గుర్తింపబడి దేశమంతట అలముకొన్నది. దీని వలన తుమ్ములకంటె చర్మవ్యాధి పెద్దది. కలుపు తీయువారి మొగము, మెడ, చేతులు మందముగా నల్లబడి దురదపెట్టును. దీనికి సూదిమొన పరీక్ష చాలదు. మందును వీపునకు అంటించి రెండు మూడు దినములకు చూచు పరీక్ష వేరు. పావుగంటలో తెలియు అలర్జీ ఒకటి, రెండు దినములకు తెలియునది వేరొకటి యని గుర్తుంచుకొనవలెను.

దమ్మంతయు పుప్పొడిదని భ్రమింపరాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయ ఆసుపత్రిలో ఫ్రీమోట్-మొల్లర్, బార్టన్ అను వైద్యులు, క్షయవలె కనబడి క్షయ కానట్టి, దగ్గుతోను ఆయాసముతోను కూడిన వ్యాధిని 1940లో వర్ణించిరి. రక్తమున ఇయోసినోఫిలు కణములు పెచ్చుపెరుగుట దాని గుర్తు. అది బోదకాలు క్రిములకు శరీరము చూపు అలర్జీ యని తరువాత తెలిసెను. దానికి పనిచేయు మందు డైఇథైల్ కార్బమజీన్. అది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున వెలువడినదే. వ్యాధిని గుర్తించుటలో తెలుగునేల, మందును తెచ్చుటలో తెలుగుబిడ్డ! మా తల్లిని క్షయరోగిగా చూచిన వైద్యుడు ఈ కథనైనను విని యుండవలసినది.

మృగశిర కార్తె నాడు హైదరాబాదున బత్తిని గౌడు కుటుంబమువారు ఉచితముగా ఇచ్చు చేపమందును చెప్పక పోయిన మన పాఠకులు ఒప్పుకొనరు. 1845నుండి వచ్చుచున్నదని ఆ కుటుంబము చెప్పు ఈ మందును ప్రాణముతో నున్న కొర్రమీను పిల్లనోట నుంచి మ్రింగింతురు. మన జిల్లాలనుండియు బండ్లకెక్కి పోయినవారు లెక్కలేరు; మా తల్లియు రెండుమార్లు పోయినది. మందు పాళ్ళు కుటుంబ రహస్యము. జనవిజ్ఞాన వేదికవంటి సంఘములు ఆక్షేపించినవి. ఫ్రాంక్లండ్ చేసినట్టి పరీక్షకు నిలిచి నెగ్గిన దాఖలా లేదు. వెళ్ళువారిని నేను పరిహసింపను. వేరు దారి చూపనివాడికి పరిహసించు హక్కు లేదు. కాని పీల్చుమందు మాని మాత్రము పోరాదు.

టీకా తయారుచేయు విధము చూచిన, పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పొలములు గుర్తుకు వచ్చును. అచ్చట జొన్న సజ్జ వంగడములను కలుపుటకు కంకికి కాగితపు సంచి తొడిగి, పుప్పొడి పట్టుదురు. టీకా కొరకు పట్టువారును ఇంచుమించు అట్లే పట్టి, సన్నని జల్లెళ్ళలో జల్లించి, ఈథరుతో జిడ్డు తీసి, ఉప్పుద్రావకమున నానబెట్టి, క్రిములు లేకుండ వడగట్టి, చల్లని పెట్టెలో దాచుదురు. మొదట వేలవంతుల పలుచని సారముతో ఆరంభించి, వారము వారము హెచ్చించి, తరువాత నెల కొకటి చొప్పున మూడు మొదలు అయిదేండ్లు ఇచ్చెదరు. నాలుక క్రింద నుంచు చుక్కలు, బిళ్ళలు కూడ వచ్చినవి. తిమోతి గడ్డి బిళ్ళకు ఐరోపాలో 2006లో అనుమతి లభించెను. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వైద్యమునకు 'అలర్జీ టీకాలు' అను పేరును ప్రతిపాదించెను.

అపాయము దాచరాదు. నూన్ హెచ్చరిక వట్టిది కాదు. 1957నుండి ఇట్టి సూదుల వలన 26 మరణములు జరిగినవని బ్రిటిషు ప్రభుత్వపు సంఘము 1986లో ప్రకటించి, అత్యవసర చికిత్స సిద్ధముగా నున్న చోట తప్ప వేయరాదని కట్టుదిట్టము చేసెను. సూది వేసిన తరువాత కనీసము అరగంట అచ్చటనే కూర్చుండవలెను. అడ్రినలిన్ సూది చేతికి అందుబాటున నుండవలెను. దమ్ము అదుపులో లేని దినమున సూది వేయరాదు. సంతవీధిలో ఒక బల్ల, ఒక సూది పెట్టుకొని అలర్జీ టీకా వేయుదునను వానివద్దకు పోవుటకంటె తుమ్ములతో నుండుట మేలు. అందరికిని టీకా అవసరమును లేదు. చాలమందికి ముక్కున కొట్టు మందు, పీల్చు మందు సక్రమముగా వాడిన చాలును. ఇవియు స్టెరాయిడులే యైనను పొట్లపు బిళ్ళలవంటివి కావు. మోతాదు మిక్కిలి స్వల్పము, పని చోటనే.

యువకుని ప్రశ్న మిగిలినది. పుస్తకముల దుమ్ములో కంటికి కానరాని పురుగులు కలవు. 1964లో హాలెండులో వూర్‌హోర్స్ట్ ప్రభృతులు ఇంటిదుమ్ము అలర్జీకి మూలము అవియేయని చూపిరి. దానితో బూజును చేరును. ఒకే మనిషికి దుమ్ముపురుగును సజ్జ పుప్పొడియు రెండును పడకపోవచ్చును. రెండును ఆ కణముల తలుపునే తట్టును. సంబంధము అంతమాత్రమే.

ఈ యేడు బీరువాలను పొడిగుడ్డతో దులుపక తడిగుడ్డతో తుడిచితిమి. గుమ్మము దాటని ఆ ముగ్గురిలో ఇద్దరు లోనికి వచ్చి, గంటసేపు కూర్చుండి పత్రికలు చదువుకొనిరి. మూడవవారు ఊరిలో లేరు; సజ్జ ఇంకను పూతమీద నున్నది.